రెక్కల అడుగున శరత్తు

అక్టోబరు వచ్చిందంటే మా పిన్ని కొడుకు వర్జీనియా నుంచి ఫొటోలు పంపడం మొదలుపెడతాడు. కొండకు కొండే ఎరుపు, నారింజ, పసుపు. ఇంట్లో అందరూ వాటిని చూసి "మనకెక్కడుందిరా ఇలాంటి శరత్తు" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆశ్వయుజ, కార్తీకాల్లో మన తూర్పు కనుమల చెట్లు రంగు మార్చవు, నిజమే. మన అడవి ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. కానీ వానలు వెనకబట్టి చలి దిగుతున్న సంగతి ఇక్కడా రాసే ఉంటుంది. కొండవాలున పసుపు పూల వలిసె చేలల్లో కొంత, సీతాకోకచిలుకల రెక్కల అడుగున కొంత. వలిసె పూల కోసం విశాఖ నుంచి అరకుకు జనం బళ్లు కట్టుకుని వెళ్తున్నారు. రెక్కల అడుగున చూసేవాళ్లు మాత్రం తక్కువ. దీపావళి వెళ్లాక కెమెరా సర్దుకుని నేను బయల్దేరింది రెండింటి కోసమూ.

మొదటి రోజు: తాటిపూడి, తైడ

తెల్లవారకముందే విశాఖ దాటేశాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట. ఆ దారిలో తాటిపూడి జలాశయం వైపు కాస్త పక్కకు మళ్లాం. బొర్రా ప్రాంతంలో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనికి కట్టిన జలాశయం ఇది. గట్టు పొడవునా రెల్లు పూసింది. శరత్తు అంటే మన పెద్దలు మొదట తలుచుకున్నది ఈ తెల్లపూలనే. ఇవి వాడిపోయేలోపే ఫొటో తీయాలని నాకెప్పుడూ ఆత్రం. రెల్లును ఎండకు ఎదురుగా నిలబడి తీయాలి. వెనక నుంచి వెలుతురు పడితేనే కంకిలో ఒక్కో నూగు విడిగా మెరుస్తుంది. ఎండ మన వీపు వెనక ఉంటే అంతా ఒకే తెల్ల మచ్చ. వానలు కడిగేసిన గాలిలో దుమ్ము లేదు కాబట్టి అవతలి గట్టు మీది తాటిచెట్లు కూడా స్పష్టంగా వచ్చాయి. వేసవిలో ఇదే చోట ఇంత దూరం చూపు ఆనదు.

తైడ చేరేసరికి ఎండ బాగా కాసింది. ఘాట్ రోడ్డు పైకెక్కే ముందు అడవి చిక్కబడే చోటు ఇది. రైలు పట్టాలు, రోడ్డు, వాగు దగ్గరదగ్గరగా సాగుతాయి. రోడ్డు పక్క తలంబ్రాల పొదలన్నీ పూతమీదున్నాయి. బయటి దేశం నుంచి వచ్చి మన అడవిని ఆక్రమించిన మొక్క అది, నాకు దాని మీద అభిమానం లేదు. అయినా సీతాకోకచిలుకలకు అక్కడ తేనె దొరుకుతుంది కనుక నేనూ అక్కడే నిలబడ్డాను.

ముందు క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక‌లు వచ్చాయి. నల్లటి ముందురెక్కల మీద తెల్ల పట్టీలు, వెనకరెక్కల అంచున కుంకుమ రంగు మచ్చలు, ఒళ్లంతా ఎరుపు. వీటికి తొందర ఉండదు. నింపాదిగా ఒక పూగుత్తి మీంచి ఇంకో గుత్తి మీదికి తేలుతూ వెళ్తాయి. ఆ ధీమాకు కారణం వాటి చిన్నప్పటి తిండిలో ఉంది. వీటి గొంగళిపురుగులు ఈశ్వరి జాతి తీగల ఆకు తిని పెరుగుతాయి. ఆ ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. రెక్కలొచ్చాక కూడా ఆ విషం పోదు. ఒకసారి నోట పెట్టి ఉమ్మేసిన పిట్ట ఆ ఎరుపును మళ్లీ ముట్టదు.

కాసేపటికి అదే పొద మీదికి ఇంకొకటి దిగింది. అవే తెల్ల పట్టీలు, అవే ఎర్ర మచ్చలు. మా డ్రైవరు "అదే రకం సార్" అన్నాడు. కానీ అది కామన్ మార్మన్ ఆడది. మన పెరట్లో కరివేపాకు, నిమ్మ ఆకులు తిని పెరిగే చిలుక. దాని ఒంట్లో విషం లేదు. విషమున్నదాని వేషం కట్టి పిట్టల నుంచి తప్పించుకుంటుంది. మార్మన్ ఆడవాటిలో కొన్ని క్రిమ్సన్ రోజ్‌లా, కొన్ని కామన్ రోజ్‌లా, కొన్ని తమ మగవాటిలాగే ఉంటాయి. రెక్కల మీది ఈ వేషాన్నంతా డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు నడిపిస్తోందని 2014లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఇంత పకడ్బందీ వేషంలోనూ ఒక లోటు మిగిలిపోయింది. మార్మన్ ఒళ్లు నలుపు. రోజ్ ఒళ్లు ఎరుపు. కాబట్టి ఈ రెంటినీ తీసేటప్పుడు రెక్కలు ఎంత అందంగా విప్పుకున్నా పైనుంచి మాత్రమే తీసి ఊరుకోకూడదు. పక్కకు వంగి, ఒళ్లు కనిపించేలా ఒక్క ఫొటో అయినా తీయాలి.

తేనె తాగేటప్పుడు మార్మన్ ముందురెక్కలు ఆడుతూనే ఉంటాయి. షట్టర్ సెకనులో వెయ్యో వంతు (1/1000) దగ్గర పెడితే గానీ అంచులు నిలవలేదు. కంటి మీద ఫోకస్ పెట్టి వరసగా తీశాను. సాయంత్రం లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే వెనకరెక్క ఎర్ర మచ్చ మీద పొలుసులు ఒకదాని మీద ఒకటి పెంకుటింటి కప్పులా పేర్చి ఉన్నాయి. ఒక చోట పెంకులు కొన్ని రాలిపోయి అడుగున పొర గాజులా కనిపిస్తోంది. ఏ పిట్టో పొడిచి వదిలేసి ఉంటుంది.

పట్టాల పక్క నుంచి బ్లూ మార్మన్ ఒకటి పోయింది. మహారాష్ట్ర 2015లో తన రాష్ట్ర సీతాకోకచిలుకగా ఎంచుకున్నది దీన్నే. ఎంత చూసినా ఎక్కడా వాలలేదు.

రెండో రోజు: అనంతగిరి

పొద్దున తొమ్మిది దాకా మంచు వీడలేదు. కొండల్లో ఈ కాలానికి పని ఇలా పంచుకోవాలి: మంచున్నంతసేపూ దృశ్యాలు, ఎండొచ్చాక చిలుకలు. సీతాకోకచిలుక ఎండ తగిలి ఒళ్లు వేడెక్కితే గానీ ఎగరలేదు. అందుకే మొదటి ఎండపొడ పడే ఆకును ముందే చూసి పెట్టుకుని అక్కడ కూర్చుంటే చాలు. రెక్కలు బార్లా విప్పి ఎండ కాచుకోవడానికి అవే వస్తాయి. దాని మీద మన నీడ పడకుండా చూసుకోవాలి, అంతే. నీడ పడిన మరుక్షణం ఎగిరిపోతాయి.

మంచులో కాఫీ తోటలు తీశాను. ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. కాయ అప్పుడప్పుడే ఎర్రబడుతోంది. ఒకే కొమ్మకు పచ్చవి, పసుపువి, ఎర్రవి కలిసి ఉన్నాయి. ఆకులు ఎర్రబడని మన కొండల్లో శరత్తుకు ఎరుపు ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఈ కొమ్మను చూపిస్తాను. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు అయిదేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను ఈ నీడచెట్లను పెద్ద ఎత్తున కూల్చేసింది. నీడ పోతే కింద కాఫీ మాడిపోతుంది. ఈ రైతులు మళ్లీ చెట్లు నాటి, అవి ఎదిగే దాకా ఓపిక పట్టి తోటలు నిలబెట్టుకున్నారు. ఆకు మీద మంచు తడి తెల్లగా తళుక్కుమని రంగును చంపేస్తుంటే లెన్సు ముందున్న పోలరైజర్ (తళుకు తగ్గించే ఫిల్టర్) తిప్పాను. అసలు పచ్చదనం బయటికొచ్చింది.

ఎండ పడ్డాక తోట అంచున చూసింది మాత్రం మర్చిపోలేను. బీడులో జనుము జాతి మొక్కలు ఎండిపోయి ఉన్నాయి. కాయ ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. ఒక్క పువ్వు లేదు. అయినా ఆ మోడుల మీద బ్లూ టైగర్లు, స్ట్రైప్డ్ టైగర్లు, కామన్ క్రోలు అనే సీతాకోకచిలుకలు గుంపుకట్టి వాలాయి. పక్కన పూసిన గడ్డిచామంతిని వాటిలో ఒక్కటీ పట్టించుకోలేదు. దగ్గరకు పాకి లెన్సులోంచి చూస్తే తొండంతో ఎండు కాడను తడుముతూ, తడిచేస్తూ, మళ్లీ పీలుస్తున్నాయి. అంత దగ్గర్నుంచి కెమెరా చప్పుడవుతున్నా కదల్లేదు.

ఇలా వచ్చేవి దాదాపుగా మగవే. ఆ మొక్కలో ఉండే ఆల్కలాయిడ్లు వాటికి కావాలి. ఆడదాన్ని ఆకర్షించే వాసనను అవి ఆ పదార్థంతోనే తయారు చేసుకుంటాయి. శత్రువుకు చేదెక్కేదీ కొంత వాటివల్లే. ఇవి దూరాలు వెళ్లే జాతులు కూడా. దక్షిణాదిలో నైరుతి రుతుపవనాలకు ముందు పడమటి కనుమల నుంచి తూర్పుకు, వానలు తగ్గాక తిరిగి పడమటికి గుంపులుగా కదులుతాయి. నా ముందున్నవి ప్రయాణంలో ఆగినవో, ఇక్కడే పుట్టి పెరిగినవో ఫొటో చూసి చెప్పలేం. అందుకని ఎంతసేపు, ఏ దిక్కుకు ఎగిరాయన్నది పుస్తకంలో రాసుకున్నాను.

మా డ్రైవరు ఆ ఎండు మొక్కల్ని చూసి, "వీటిని దుక్కికి ముందు తగలబెట్టేస్తారు సార్, పనికిరానివని" అన్నాడు. పనికిరాని మొక్కంటూ ఏదీ లేదని అతనితో గట్టిగానే అన్నాను. తొండం ఆనించిన ఫొటో చూపించాక తన ఫోన్ తీసి తనూ వంగి తీశాడు.

మధ్యాహ్నం నుంచి వాన. గాలికొండ దగ్గర ఆగినా అడుగు దూరం కనిపించలేదు. బొర్రా గుహల వైపు వెళ్లలేదు. ఈ రోజుల్లో అక్కడి రద్దీలో కెమెరా తీయడం నాకు నచ్చదు.

మూడో రోజు: అరకు

చీకటుండగానే మాడగడ కొండ మీదికి చేరాం. వాన వెలిసిన మర్నాడు కాబట్టి లోయ నిండా మబ్బు. ఈ దృశ్యం కోసం వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. సూర్యుడు పైకొచ్చే ముందు పది నిమిషాలే అసలైన వెలుగు. మబ్బు మీద నీలం, దాని పై అంచున లేత గులాబీ. సూర్యుడు కనిపించాక తెలుపు పెరిగిపోతుంది, అందరూ ఫోన్లు ఎత్తేది అప్పుడే. ట్రైపాడ్ పెట్టి నిదానమైన షట్టర్‌తో తీసిన వాటిలో మబ్బు కొండల నడుమ పారుతున్నట్టు వచ్చింది. వీటిలో నాకు నచ్చింది, మబ్బు పొరలోంచి ఒక పల్లె కప్పులు, పొయ్యి పొగ మాత్రమే పైకి తేలిన ఫొటో.

తర్వాత వలిసె చేలు. ఎర్రమట్టి మెట్ల మీద ముదురు పసుపు పట్టీలు, వాటి పైన నీలి కొండలు. నూనె గింజ పంట ఇది. మూలం ఇథియోపియా అయినా ఈ కొండల్లో కొండదొరలు, భగతలు, పోర్జలు ఎప్పట్నుంచో పండిస్తున్నారు. నవంబరులో అరకు లోయకు ఆ పసుపు వచ్చేది వీళ్ల చెమట వల్ల. ఈ సంగతి పక్కకు పోయి, ఇప్పుడివి సెల్ఫీ తోటలైపోయాయి. రోడ్డు పక్క చేలో మధ్యదాకా కాలిబాటలు పడిపోయాయి.

ఒక చేను గట్టు మీద పెద్దామె కాపలా కూర్చుంది. "అమ్మా, ఫొటోలు తీసుకోవచ్చా" అని అడిగాను.

"తీసుకో బాబూ. గట్టు మీద నుండే తీసుకో, సేలోకి దిగకు. మొక్క పడిపోతే గింజ కట్టదు. నూనైనా డబ్బైనా మాకిదే కదా."

గింజ కట్టడంలో ఇంకో మెలిక ఉంది. వలిసె పువ్వు తన పుప్పొడితో తాను సరిగా ఫలించదు. ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్కకు తేనెటీగలు మోయాలి. జనం తొక్కిడికి ఈగలు చెదిరిపోతే నష్టపోయేది ఆ పెద్దామే. గట్టు మీద కూర్చుని 70-300 జూమ్ లెన్సుతో తీస్తే పసుపు మెట్లు ఒకదాని వెనక ఒకటి దగ్గరగా వస్తాయి. చేలోకి దిగితే ఆ ఫొటో రాదు కూడా. మనిషి నిలబడితే మెట్ల వరస తెగిపోతుంది. పెద్దామెకు డబ్బిచ్చాను. కెమెరా తెరలో తన చేను చూసి, "ఇంత బాగుందా" అని పక్కింటామెను కేకేసి పిలిచింది.

ఆ గట్టు మీదే పీకాక్ పాన్సీ సీతాకోకచిలుకలు ఆడుతున్నాయి. పైనుంచి చూస్తే నారింజ రంగు మీద పెద్ద కన్నులు, అందరూ తీసేది అదే. రెక్కలు మూసే దాకా కదలకుండా ఉన్నాను. ఒకదాని అడుగున గోధుమ రంగు మీద కన్నులు చక్కగా కనిపిస్తున్నాయి, రెక్క అంచు గుండ్రం. మూరెడు దూరంలో ఇంకొకటి మూసింది. దాని అడుగున కన్నులే లేవు. ముదురు గోధుమ రంగు, నడుమ ఆకు ఈనెలా ఒక గీత, వెనకరెక్క చివర తొడిమలా సాగిన కొస. రెండూ ఒకే జాతి. మొదటిది వానాకాలపు రూపు, రెండోది ఎండుకాలపు రూపు. నేను అరకు వచ్చింది ఈ రెండింటినీ పక్కపక్కన చూడ్డానికే.

ఇదెలా జరుగుతుందంటే, గొంగళిపురుగుగా ఉన్నప్పటి చలి, పగటి పొడవు లోపలి హార్మోన్లను మారుస్తాయి. రెక్క మీద కన్ను పూర్తిగా దిద్దాలా, చుక్కతో వదిలేయాలా అన్నది ప్యూపాలోంచి బయటికి రాకముందే నిర్ణయమైపోతుంది. వానాకాలంలో చుట్టూ పచ్చగా ఉంటుంది, గోధుమ రెక్క దాగదు. అందుకని అంచున కన్నులు పెట్టుకుని, పిట్ట పోటు తల మీద కాకుండా అంచు మీద పడేలా చూసుకుంటుంది. రెక్క ముక్క పోయినా ప్రాణం దక్కుతుంది. ఆకులు ఎండే కాలానికి దాగడమే మేలు, అప్పుడు కన్ను ఉంటే పట్టిస్తుంది. ఇప్పుడు పుట్టిన చిలుక మాఘ ఫాల్గుణాల ఎండుటాకులకు ఇప్పట్నుంచే బట్ట నేసుకుని వస్తోందన్నమాట. చెట్టు ఇంకా పచ్చగానే ఉంది.

"ఎండుటాకులా ఉండేవే కావాలంటే సాయంత్రం మా వరిచేల గట్టుకు రండి సార్" అన్నాడు డ్రైవరు. "చీకటి పడేముందు లేస్తాయి. వాటిని ఎవరూ తీయరు."

అతను చెప్పింది కామన్ ఈవెనింగ్ బ్రౌన్ గురించి. దాని గొంగళిపురుగు వరి ఆకునూ తింటుంది. పగలంతా గడ్డిలో నక్కి, మునిమాపుకు లేచి తిరుగుతుంది. ఇక్కడ కార్తీకంలో అయిదున్నరలోపే పొద్దు వాలిపోతుంది. పండిన వరి మీద ఆఖరి వెలుగు ఉండగానే గట్టు మీది వెదురు పొద కింద మొదటిది లేచింది. నాలుగడుగులు తూలుతూ ఎగిరి ఆకుల మీద కూలబడింది. కూలబడ్డాక కనిపించలేదు. కళ్లముందే ఉందని తెలిసి కూడా దొరకదు.

మోకాళ్ల మీద వంగి ఆకు ఆకూ వెతికాం. ముందు దొరికింది వానాకాలపుది. అడుగంతా సన్నని గీతలు, అంచు వెంట పసుపు వలయాల నడుమ నల్ల కన్నులు వరసగా. తర్వాత డ్రైవరు వేలు పెట్టి చూపించాడు. రాలిన వెదురాకుల మీద ఇంకొకటి. కన్నులున్న చోట సూదిమొన చుక్కలు మాత్రమే మిగిలాయి. ముందురెక్క కొస కొడవలిలా వంగింది. రంగు ఏకంగా లేదు. ఒక వైపు తుప్పు, ఒక వైపు బూడిద, మధ్యలో బూజు పట్టినట్టు నల్లటి మచ్చ. ఆకు కుళ్లేటప్పుడు పడే మచ్చే అది. ఈ చిలుక వాలినప్పుడు రెక్కలు మూసే ఉంచుతుంది కనుక లోకానికి చూపించే ముఖం ఈ అడుగే. చిన్న ఫ్లాష్‌కు తెల్లటి డిఫ్యూజర్ తొడిగి, పక్క నుంచి తక్కువ వెలుతురుతో తీశాను. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఆకుకూ రెక్కకూ మధ్య ఉన్న సన్నటి నీడ పోయి, దాక్కున్న చిలుక దాక్కోనట్టే వస్తుంది. రెక్క తలాన్ని కెమెరాకు సమాంతరంగా పెట్టుకుని ఎఫ్/11లో తీస్తే కొస నుంచి కొస దాకా ఫోకస్ నిలిచింది.

ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఫొటోలు ఇవే. ఎవరికైనా చూపిస్తే "ఇందులో ఏముంది, ఆకులేగా" అంటారు. అనగానే వేలు పెట్టి చూపిస్తాను.

నాలుగో రోజు: చాపరాయి, తిరుగు రైలు

చాపరాయి వాగు దగ్గర బండ మీదంతా జనం. కాస్త పైకి, ఇసుక తడిసిన చోట టెయిల్డ్ జేలు, ఎమిగ్రెంట్లు అనే సీతాకోకచిలుకలు గుంపుగా తేమ పీలుస్తున్నాయి. ఇవీ ఎక్కువగా మగవే. తేనెలో దొరకని ఉప్పు కోసం వస్తాయి. కలిసేటప్పుడు ఆ ఉప్పులో కొంత ఆడదానికి అందుతుంది. పొట్ట ఆనించి పడుకుని తీశాను. పక్కనే షాంపూ నురగ తేలి వస్తోంది. నీళ్లలో స్నానం చేసేవాళ్లు సబ్బులు, షాంపూలు మానుకుంటే ఈ ఇసుక బతుకుతుంది. నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. అక్కడున్న కుర్రాళ్లకు చెప్పాను. ఇద్దరు విన్నారు, ప్యాకెట్లు తీసి సంచిలో వేసుకున్నారు.

తిరుగు ప్రయాణం రైల్లో. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. 996 మీటర్ల ఎత్తులోని శిమిలిగూడ దాటాక సొరంగం తర్వాత సొరంగం. సొరంగానికీ సొరంగానికీ మధ్య దొరికే వెలుతురులో లోయను తీయాలంటే ఎక్స్‌పోజర్ ముందే లాక్ చేసి పెట్టుకోవాలి. రెండు మంచివి దొరికాయి. తర్వాత కెమెరా పక్కన పెట్టి పుస్తకం తీశాను.

ఈవెనింగ్ బ్రౌన్, పీకాక్ పాన్సీ ఫొటోలు జీవజాతుల వివరాలు నమోదు చేసే ఐనాచురలిస్ట్‌లో, బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా సైటులో పెట్టడానికి ఒక్కోదాని పక్కన తేదీ, చోటు, సుమారు ఎత్తు, ఏ కాలపు రూపో రాసుకుంటూ వచ్చాను. అరకు వెళ్లేవాళ్లు పైరెక్కతో పాటు అడుగు రెక్క కూడా తీసి, తేదీతో ఇలాగే పెడితే, ఏ సంవత్సరం కన్నులు ఎప్పుడు మాయమయ్యాయో, చలి వెనకబడితే చిలుక కూడా వెనకబడుతోందో కొన్నేళ్లకు లెక్క తేలుతుంది. నవంబరు మొదట్లో రెండు రూపులూ కలిసి దొరుకుతాయి. వరిగట్టుకు అయిదు గంటలకల్లా చేరుకోండి, టార్చి మర్చిపోకండి.